మంగళవారానికి సాక్ష్యం లేదు

మా వైపు చర్చిల్లో ఆదివారం ఆరాధన నడుమ సాక్ష్యాలకని కాసేపు వదులుతారు. మైకు చేతికొస్తే లేచేవాళ్లకు కొదవుండదు. డాక్టర్లు పెదవి విరిచిన బిడ్డ లేచి కూర్చున్న సంగతి, ఏళ్లనాటి తాగుడు ఒక్క రాత్రితో వదిలిన సంగతి, తిప్పికొట్టిన వీసా మళ్లీ చేతికొచ్చిన సంగతి. వినేవాళ్లు స్తోత్రం, స్తోత్రం అంటూ ఉంటారు. వాటి మీద నాకు అపనమ్మకం లేదు. కాకపోతే అన్నీ ఒక్క రోజు కథలు. ఆ రోజు గడిచాక మామూలుగా తెల్లారిన మంగళవారం గురించి ఎవరూ లేచి చెప్పగా వినలేదు. ఆ మంగళవారం కూడా వాళ్లు చీకటితోనే లేచి, అన్నం క్యారేజీ కట్టుకుని, ఏడుగురు పట్టే ఆటోలో పదిహేను మంది ఇరుక్కుని మిరప చేలోకి పోయే ఉంటారు. ముఠా మేస్త్రీ కసిరి ఉంటాడు, తోటికోడలు దెప్పి ఉంటుంది. ఆ రోజు దేవుడి ప్రేమ ఎక్కడుంది? వీళ్లు అందులో ఎక్కడున్నారు? నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే.

శిష్యులతో చివరిసారి భోంచేసిన రాత్రి యేసు మాట్లాడింది ఇలాంటి రోజుల గురించేనని నాకనిపిస్తుంది. యోహాను సువార్త పదిహేనో అధ్యాయం తీసి చూడండి. తెల్లారితే సిలువ అని తెలిసిన మనిషి అక్కడ అద్భుతాలు చేసి చూపిస్తాననడు. తండ్రి తనను ప్రేమించినట్టే తాను వాళ్లను ప్రేమించానని, ఆ ప్రేమను విడిచి ఎటూ పోవద్దని, తను చెప్పింది చేస్తూ ఉంటే అందులోనే ఉన్నట్టని నచ్చజెబుతాడు. అందుకు ఎంచుకున్న ఉపమానం ద్రాక్షతీగ. తీగను అంటిపెట్టుకున్న కొమ్మ కాస్తుంది, తెగిన కొమ్మ మంటలోకి పోతుంది.

గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ద్రాక్షతోట చూసినవాళ్లు తక్కువ. మాకు తెలిసినవి మిరపా, పత్తీ. రెండూ ఏడాది పంటలే. వానలకు విత్తు, సంక్రాంతి దాటాక ముమ్మరంగా కోత, ఎండలు ముదిరేసరికి మిరప మోళ్లు పీకి గట్టున పడేస్తాం, పత్తికట్టె పొయ్యిలోకి పోతుంది. మళ్లీ ఏడు కొత్త నారు, పురుగుమందుల కొట్లో కొత్త బాకీ. ఏళ్ల తరబడి ఒకే వేరు మీద నిలిచే తీగ గురించి అయ్యగారు ప్రసంగిస్తుంటే, ముందు చాప మీద కూర్చున్న మా పెద్దవాళ్లు అదంతా ఆ దేశపు రైతుల సంగతిలే అన్నట్టు వినేవాళ్లు.

పంటే కాదు, ఇక్కడ మనిషీ ఏడాదికొక చోట ఉంటాడు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా పదకొండు నెలల ఒప్పందం గురించే మాట్లాడుతుంది. ఆ కాగితం మీద భూమిగలాయన సంతకం పెట్టాలి. పెట్టడానికి చాలామందికి చేతులు రావు. 2021లో నల్ల తామరపురుగు పూతలోకి దూరి మిరప చేలను ఊడ్చేసినప్పుడు, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలుదార్లు మరుసటి ఏడు మరో ఊళ్లో మరో చేను వెతుక్కున్నారు. ఈ నేల మీద కదలకుండా ఉండేది ఏదైనా ఉందంటే అది అప్పే. అలాంటిచోట, కాళ్ల కింద సొంత సెంటు భూమి లేని మనిషిని ఒక ప్రేమలో స్థిరంగా ఉండమంటే ఆ మనిషి ఎక్కడ నిలబడాలి?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు యర్రగుంట్ల పేరయ్య గుర్తొస్తాడు. కనిగిరి వైపు తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ. తోళ్ల బేరం చేసేవాడు. క్రీస్తు పేరు వినకముందే యోగమార్గం చెప్పే గురువుల దగ్గర కూర్చుని దేవుణ్ణి వెతుక్కున్నవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే, చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు వచ్చి చెట్ల కింద దిగారు. పేరయ్య అప్పటికే వాళ్లందరితో మాట్లాడి ఉన్నాడు.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇందులో ప్రేమ వాసనే లేదు, అన్నీ వద్దులే. అయితే 1867 నాటి మాదిగపల్లెలో నిలబడి చూడండి. ఆదివారం రానంటే కామందుకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరందరికీ కోపం. బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకివ్వలేదు, కరణాలు కక్షగట్టి కొట్టించారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒరేయ్ అంటే పరిగెత్తిన మనిషి, వారంలో ఒక రోజు మాత్రం ‘ఇవాళ రానండయ్యా’ అనడం నేర్చుకున్నాడు. తనను ఎవరో గట్టిగా ప్రేమిస్తున్నారన్న ధీమా లేకుండా ఆ మాట నోటికి రాదు. ఆదివారం దక్కించుకున్నందుకు సోమవారం నుంచి శనివారం దాకా వెల కట్టాడు. ఆ ఆరు రోజులూ వెనక్కి పోకుండా ఉన్నాడే, నేను వెతుకుతున్నది అక్కడుంది.

ఆ రోజుల్లోనే ఒంగోల్లో పెద్దకులాలవాళ్లు కొందరు క్లౌ దగ్గరికొచ్చారు. మాదిగలను చేర్చుకోవడం ఆపితే మేం వస్తామన్నారు. దొర ఒక గదిలో, దొరసాని ఒక గదిలో ఎవరికి వాళ్లు బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన ఒకే చోటు తగిలిందని చెబుతారు. లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏరుకున్నాడని ఉన్న చోటు అది. ఇద్దరికీ ఒకే పేజీ తగలడం ఎంత నిజమో గానీ, క్లౌ మాదిగలను వదులుకోలేదన్నది మాత్రం చరిత్ర.

తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. క్లౌ కుర్రతనంలో సర్వేయరు పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పనిచ్చాడు. కూలి ఇచ్చాడు, బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. అడిగినవాళ్లను ఏడాదికి పైగా ఆగమన్నాడు. గంజి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట ఆ మనుషుల మీద పడకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని తేలాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆ పని ముగించారు.

ఒంగోలు వైపు ఆ సంఖ్యను ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. నాకు మాత్రం అంతకుముందు రిజిస్టరులో ఒక్క పేరూ చేరని ఆ నెలలంటే గౌరవం ఎక్కువ. అటు పేరు రాసుకోని దొర, ఇటు రాయకపోయినా గుడి మెట్టు దిగని మాదిగ. లెక్కకు రాని రోజుల్లో ఇద్దరూ చోటు వదల్లేదు.

ఇదే ఓపిక నేను మా ఇళ్లలో పిడికెడు బియ్యం దగ్గర చూశాను. తెలియనివాళ్లకు చెబుతాను. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూట పూటకీ అంతే. వారం తిరిగేసరికి పోగైనవి సంచిలో పోసుకుని ఆదివారం గుడికి తెస్తారు. మా నాయనమ్మ కాలంలో ఆ డబ్బాలో పడినవి జొన్నలు. నాగార్జునసాగర్‌ నుంచి కాలువలకు నీళ్లొదిలింది 1967లో. మా ఇంట రోజూ వరన్నం ఉడకడం ఆ తర్వాతి మాట. ఇప్పుడైతే సన్నబియ్యం, రేషన్ బియ్యం, ఎవరింట్లోనో పెళ్లికి తెస్తే మిగిలిన బాస్మతి, అన్నీ ఒకే సంచిలో పడతాయి. వండితే సగం జావ, సగం పలుకు. ఆ అన్నం తినేది అయ్యగారి కుటుంబం. పాస్టరమ్మ గారు నవ్వుతూనే ఉంటారు గానీ, ఆ బియ్యాన్ని అన్నం చేయడం ఒక విద్య.

ఆ పిడికెడుకి మనసు బాగుండాల్సిన పని లేదు. మొగుడితో పోట్లాడి, ముక్కు చీదుకుంటూ పొయ్యి వెలిగించిన పూట కూడా చెయ్యి అలవాటుగా డబ్బా వైపు పోతుంది. ఆ పూట ఆమె గుండెలో దేవుడి మీద ప్రేమ ఉందో లేదో ఆమెకే తెలియదు, పిడికిట్లో మాత్రం ఉంది. పండితులు దీన్ని యాంత్రికం అంటారేమో. నేనొప్పుకోను. పొంగే మనసు మీద ఆధారపడితే ఈ ఎండల్లో ఏ ప్రేమా నెల నిలవదు. నీకు విసుగు రాదా అని మా అమ్మను అడిగితే, “విసుగొచ్చిన రోజు కూడా అన్నం తింటన్నాంగా” అని బియ్యం కడగడంలో పడింది.

మిరపకోతలూ శ్రమదినాలూ మాకు కలిసే వస్తాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులూ రాత్రిపూట కూడికలుంటాయి, ఆ నలభై రోజులూ పగలంతా చేలో కాయ కోతే. ఘాటుకి ముక్కూ మూతీ గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం కోసి, ఇంటికొచ్చి పిల్లలకింత పెట్టి, తలస్నానం చేసి గుడికొస్తారు. చేతుల మంట కొబ్బరినూనె రాసినా మజ్జిగలో ముంచినా ఓ పట్టాన పోదు. అందుకని ప్రార్థనలో కన్నీళ్లొస్తే మా ఆడవాళ్లు వేళ్లతో తుడుచుకోరు. మోచేతితో అద్దుకుంటారు, లేదంటే భుజం మీది పైటకు ముఖం ఆనిస్తారు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన అదేదో మా సంఘపు ప్రత్యేకమైన భక్తి ముద్ర అనుకున్నాడు, పాపం.

గుడిలో ఏడవడం ఒక ఎత్తు, కల్లంలో కాటా దగ్గర నిలబడడం మరో ఎత్తు. కాయ కోత చాలాచోట్ల కిలోల లెక్క. ఎండిన కాయలో తాలు ఏరడం, శీతల గిడ్డంగుల దగ్గర తొడిమ తీయడం, అన్నీ ఆడవాళ్ల చేతుల మీదే గడిచి, గుంటూరు యార్డులో తేజా రకం ఇంత, సన్నాలు ఇంత అని పేపర్లో పడే ధర తయారవుతుంది. చేనుకీ కూలికీ మధ్య ముఠా మేస్త్రీ ఉంటాడు. కూలీలను కుదిర్చినందుకు తలకింత పట్టుకుంటాడు. మా సంఘపెద్దల్లో అలాంటి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆదివారం కానుకల సంచి తిప్పేదీ ఆయనే. ఓ శ్రమదినాల కూడికలో, ప్రసంగం దేవుని ప్రేమ మీద సాగుతుండగా, గోడవార కూర్చున్న ముసలమ్మ ఒకామె ఉన్నట్టుండి అడిగింది: “ఏమబ్బాయ్, పరలోకం తలుపు కాడ కూడా నువ్వే తలకింత పట్టుకుంటావా?” అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. ఆ కోతల్లో పట్టుకునే డబ్బు సగానికి తగ్గించాడు. పూర్తిగా మానలేదు, సగమే. మర్నాడే జక్కయ్యలా నాలుగింతలు తిరిగిచ్చాడని చెబితే వినడానికి బాగుండేది. నాకు ఆ సగం మీదే నమ్మకం. ఏడాదికింత చొప్పున మారిన మనుషులనే నేను చూశాను.

ఇక ఏ గుడి అన్న మాట. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగి లూథరన్ మిషన్ పెట్టాడు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, ఫిరంగిపురం లాంటి చోట్ల అంతకంటే పాత కాథలిక్కులు. పల్లెల్లో ఇది చివరికి మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి, రెడ్ల గుడి అన్న లెక్కలో పడింది. ఆదివారం మూడు గంటలు మోగుతాయి. ఒకరి గుడి పిల్లను ఇంకొకరి గుడి పిల్లాడికి అడిగి చూడండి, దేవుని ప్రేమ ఎన్ని గజాల దూరం పోతుందో తెలుస్తుంది. గుర్రం జాషువా 1895లో వినుకొండలో రెండు వేర్వేరు కులాలు కలిసిన ఇంట్లో పుట్టాడు. క్రైస్తవుడైన ఆ కవి ‘గబ్బిలం’లో తన వేదనను కాశీలోని శివుడికి పంపాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నదీ ఆయనే. ఆయన నిజమైన క్రైస్తవుడా కాదా అని ముక్కు విరిచినవాళ్లున్నారు. పీటలు వేరుచేసుకుని కూర్చున్న మనకు ఆ ప్రశ్న అడిగే అర్హత ఎక్కడిది?

గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు పెట్టుకున్నవాళ్లనూ తేలిగ్గా వేషధారులు అనేస్తుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, హిందూ మతం విడిచి క్రీస్తులో చేరిన మాలమాదిగలు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రారు. తర్వాత సిక్కులకూ బౌద్ధులకూ తెరిచిన తలుపు వీళ్లకు తెరవలేదు. రాష్ట్రంలో బీసీ-సీ అని ఒక్క శాతం ఇచ్చారు. పిల్లాడి ఫీజుకూ ప్రభువు బల్లకూ మధ్య ఇరుక్కున్న తండ్రిని నేను తీర్పు తీర్చలేను.

అన్నిటికన్నా కష్టమైన చోటు ఇంకొకటుంది. 1985 జూలైలో కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర పెద్దకులపువాళ్లు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఒక మాదిగ కుర్రాడు కాదన్నాడు. అతని మీదికొచ్చినవాళ్లకు మున్నంగి సువార్తమ్మ నీళ్ల బిందె ఎత్తి అడ్డం నిలిచింది. జూలై 17న పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు హతమయ్యారు, మిగిలినవాళ్లు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు. దాడిని కళ్లారా చూసిన దుడ్డు అలీసమ్మను ఆ తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 చివరికొచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద అలాంటి దాడే జరిగింది. అక్కడ 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

పేర్లు చూడండి. సువార్తమ్మ, అలీసమ్మ. ఆదివారం ఏదో ఒక గుడిలో పాట పాడిన ఇళ్ల పేర్లు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు శత్రువును ప్రేమించాలని ప్రసంగం చేస్తారు. దెబ్బ తగలనివాడి నోట క్షమాపణ భలే అందంగా పలుకుతుంది. నేను మళ్లీ యోహాను సువార్తకే వెళ్తాను. ప్రేమను విడిచి పోవద్దని చెప్పిన ఆ రాత్రే, మూడు అధ్యాయాలు దాటాక, చేతులు కట్టేసి నిలబెట్టిన యేసును ఒక బంట్రోతు చెంప మీద కొడతాడు. యేసు తిరిగి కొట్టలేదు. అలాగని తల వంచుకుని ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. ప్రేమలో ఉన్న మనిషి అడగకూడని ప్రశ్న కాదది. చెరువులో నీళ్లు పాడుచేయొద్దన్న కుర్రాడి కోసం బిందె ఎత్తినామె యేసు ఆ రాత్రి చెప్పిన మాట మీరలేదు. చూసింది చూసినట్టు చెప్పడానికి సిద్ధపడినామె కూడా మీరలేదు. వాళ్లను ఓర్చుకోమని చెప్పినవాళ్ల సంగతే నాకు అనుమానం.

ఈ కాలంలో మన ప్రేమకు చోటు చూపించేవాళ్లు ఏటా మన ఊళ్లకే వస్తున్నారు. మిరపకోతలకు కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కి దిగుతాయి. వాళ్లు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. చేలగట్ల మీద పట్టాలు కట్టుకుని, పిల్లలను బడి మాన్పించి వెంట తెచ్చుకుని, కోతలు అయ్యేదాకా ఉంటారు. మన పల్లెల్లో కూలీలు దొరకడం లేదని గింజుకునే రైతుకు వాళ్లే దిక్కు. వాళ్ల కూలి వల్ల తమ కూలి రేటు పడిపోతుందని మన పల్లెవాళ్లకు గుర్రు. ఇందులో నిజం లేకపోలేదు. ఆ గుర్రు పెట్టుకునే మనం రాత్రి కూడికకు పోయి నూట యాభై ఏళ్ల కిందట చెట్ల కింద దిగిన మన తాతముత్తాతల గురించి పాటలు పాడతాం.

గ్రామాల్లో మన గుళ్లకు చాలావాటికి ఇప్పుడు కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, కరెంటు ఉంది, వరండా ఉంది. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. గట్టు మీద పడుకునే ఆడపిల్లలకు లేనివి సరిగ్గా అవే. వాళ్లు ఏ దేవుడికి మొక్కుతారో అడగక్కర్లేదు, పాట నేర్పక్కర్లేదు, కరపత్రం ఇవ్వక్కర్లేదు. క్లౌ కరువులో బాప్తిస్మం ఎందుకు ఆపాడో గుర్తుంటే చాలు. సంఘపెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒక్కటే. ఈ కోతలకు వాళ్లు దిగిన రోజు నుంచి తిరిగి లారీ ఎక్కేదాకా మీ గుడి తాళంచెవి వాళ్లలో ఒక పెద్దావిడ చేతికివ్వండి.